కొత్త రేకు మీద 75, మసి మీద 140: ఇట్లాంటి గన్‌తోనే గ్రహాల వేడి కొలుస్తారా?

టంగుటూరు బ్యారన్ | మార్చి 4, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె, రెండు పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) ఉన్నాయి. ఈ సీజన్‌కి ఒక టెంపరేచర్ గన్ కొన్నాను. కరోనా టైములో నుదుటి ముందు పెట్టేవాళ్ళు కదా, అట్లాంటిదే, ఇంకా ఎక్కువ వేడి చూపించే రకం. పొయ్యి నుంచి బ్యారన్ లోపలికి పోయే రేకు గొట్టాల వేడి తలుపు దగ్గర నిలబడే చూసుకోవచ్చని నా ఉద్దేశం.

మొన్న ఆకు ఈనె ఆరే దశలో గొట్టానికి గురిపెడితే 75 చూపించింది. వేడి చాలడం లేదనుకొని ఇంకో రెండు దుంగలు వేయించాను. గంటన్నరకి కమురు వాసన. కర్ర నుంచి జారిన ఆకు ఒకటి గొట్టం మీద పడి కాలుతోంది. దేవుడి దయ, పైకి అంటుకోలేదు. బ్యారన్ అంటుకుంటే ఏమవుతుందో మన జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. తర్వాత అదే గొట్టాన్ని రెండు చోట్ల కొలిచాను. ఈ ఏడు కొత్తగా వేయించిన మెరిసే రేకు మీద 75. జానెడు అవతల, మసి పట్టి నల్లబడ్డ పాత రేకు మీద 140. ఒకే గొట్టం, ఒకే మంట.

ఇంకోటి. లోపల వేలాడే థర్మామీటర్‌ని బయట నుంచి చూసుకోవడానికి గోడలో చిన్న గాజు పలక ఉంటుంది. ఆ పలకలోంచి గన్ పెడితే 44. కంటితో చూస్తే లోపలి థర్మామీటర్‌లో 68.

మా అన్న కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "గ్రహాల మీద వేడి కూడా ఇన్‌ఫ్రారెడ్‌తోనే కొలుస్తారు బాబాయ్, అంతరిక్ష నౌకల నుంచి" అన్నాడు. నాలుగు అడుగుల దూరంలో 65 డిగ్రీలు తేడా చెప్పేదాన్ని వేల కిలోమీటర్ల నుంచి ఎట్లా నమ్ముతారు? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. ఆ రాత్రి నుంచి ఇదే ఆలోచన.

కావలి ఫిజిక్స్ | మార్చి 5, ఉదయం 6:05

ముందు ఒక మాట. ఆ గన్ అంకెను నమ్మి ఇక దుంగలు వేయించొద్దు. కారణం చెబుతాను.

ఆ గన్ వేడిని తాకి చూడదు. వస్తువు నుంచి వచ్చే కంటికి కనిపించని వెలుగును, అంటే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలను, లెక్కపెడుతుంది. వేడి ఉన్న ప్రతి వస్తువూ ఈ వెలుగు చిమ్ముతుంది. మీ గొట్టం, మీ చెయ్యి, చలికాలంలో బావి నీళ్ళు, అన్నీ. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, ఎరుపు దాటిన తర్వాత ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెడితే అది ఇంకా పైకి పోయింది. ఈ కిరణాల సంగతి మనిషికి తెలిసింది అప్పుడే.

వస్తువు ఎంత వేడిగా ఉంటే వెలుగు అంత ఎక్కువ, దాని తరంగదైర్ఘ్యం అంత పొట్టి. లెక్క చిన్నదే: 2898ని కెల్విన్లలో (మన డిగ్రీలకి 273 కలిపితే వచ్చేది) ఉన్న ఉష్ణోగ్రతతో భాగిస్తే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు గరిష్ఠమో మైక్రాన్లలో వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సూర్యుడికి అర మైక్రాన్. మన ఒంటికి 9కి కాస్త పైన. మీ గొట్టానికి 7. సాధారణంగా మీలాంటి గన్ 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య వెలుగును చూస్తుంది.

ఇక తేడా ఎక్కడ వచ్చిందంటే, మసి తన వేడికి తగ్గ వెలుగు దాదాపు మొత్తం బయటికి ఇస్తుంది. మెరిసే రేకు అందులో నాలుగో వంతు ఇస్తే గొప్ప. మిగతాది అద్దంలాగా చుట్టూ ఉన్న చల్లని గోడల వెలుగునే తిప్పి చూపిస్తుంది. వస్తువు తన వేడికి తగ్గ వెలుగులో ఎంత వంతు బయటికి ఇస్తుందో దాన్ని ఉద్గారత అంటారు. గన్‌కి ఇది తెలియదు, ఎదురుగా ఉన్నది 0.95 ఉద్గారత ఉన్న వస్తువే అనుకొని అంకె వేస్తుంది. కాబట్టి 140 నిజం, 75 అబద్ధం. పొయ్యిలకి వాడే, వేడి తట్టుకునే మెరుపులేని నల్ల రంగు దొరుకుతుంది. సీజన్ మధ్యలో పొయ్యి ఆరి గొట్టాలు చల్లబడ్డప్పుడు అరచేతంత మచ్చ వేయించి, ఎప్పుడూ ఆ మచ్చ మీదే కొలవండి.

గాజు పలక సంగతి ఇంకా బాగుంటుంది. కంటికి కనిపించే వెలుగు గాజులోంచి పోతుంది గానీ, ఈ 8–14 మైక్రాన్ల వెలుగు పోదు. గాజే దాన్ని మింగి, తన సొంత వేడికి తగ్గది బయటికి ఇస్తుంది. మీరు కొలిచిన 44 గాజు వేడి. థర్మల్ కెమెరాలకు గాజు కాకుండా జెర్మేనియం లెన్సులు పెట్టేది ఇందుకే.

శుక్రగ్రహం దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. సాయంత్రం రాస్తాను, ఇప్పుడు పాలవాడు వచ్చాడు.

కనిగిరి ఎంపీసీ | మార్చి 5, సాయంత్రం 4:50

మాస్టారూ, నేను ఇంటర్ సెకండియర్. బుధుడు సూర్యుడికి అంత దగ్గరున్నా శుక్రుడే వేడి గ్రహం అని పుస్తకంలో ఒక్క లైన్ ఉంది. ఎట్లా కనుక్కున్నారో లేదు. శుక్రుడి కథ త్వరగా చెప్పండి ప్లీజ్.

కావలి ఫిజిక్స్ | మార్చి 5, రాత్రి 8:30

చెబుతాను తల్లీ.

1950లలో భూమి మీది రేడియో టెలిస్కోపులతో శుక్రుణ్ణి చూస్తే, సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వందల డిగ్రీల వేడి వస్తువు నుంచి వచ్చినంత వెలుగు వచ్చింది. ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే మంచుకన్నా చల్లన. ఒకే గ్రహానికి రెండు అంకెలు, మన టంగుటూరు ఆయన గొట్టంలాగే. శాస్త్రవేత్తలు రెండుగా చీలారు. నేలే కాలిపోతోంది, పైన మబ్బులు చల్లగా ఉన్నాయి అని కొందరు. కాదు, నేల మామూలుగానే ఉంది, పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర ఒకటి ఆ రేడియో తరంగాలు పుట్టిస్తోంది అని ఇంకొందరు. ఆ రెండో మాటే నిజమైతే కింద సముద్రాలు కూడా ఉండొచ్చని ఆశ ఉండేది.

ఎట్లా తేల్చాలి? ఇక్కడ వాళ్ళ ఆలోచన చూడండి, నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. గ్రహం మధ్య భాగాన్ని చూస్తే మన చూపు నిటారుగా కిందికి దిగుతుంది. అంచును చూస్తే ఏటవాలుగా ఎక్కువ గాలిలోంచి పోవాలి. పై పొరే మెరుస్తుంటే, అంచు దగ్గర ఆ పొర ఎక్కువ మందంగా కనపడుతుంది కాబట్టి అంచు ఎక్కువ వెలగాలి. వేడి నేల నుంచి వస్తుంటే, అంచు దగ్గర గాలి ఎక్కువ అడ్డం పడి చూపు పైనున్న చల్లని పొరల్లోనే ఆగిపోతుంది కాబట్టి అంచు మసకగా ఉండాలి. భూమి నుంచి అప్పట్లో శుక్రుణ్ణి మధ్య, అంచు అని విడదీసి చూడలేకపోయారు. దగ్గరికి పోవాల్సిందే.

1962 డిసెంబర్ 14న మారినర్ 2 శుక్రుడి పక్క నుంచి దాదాపు 35 వేల కిలోమీటర్ల దూరంలో పోయింది. వేరే గ్రహం దగ్గరికి పోయి సమాచారం పంపిన మొదటి నౌక అదే. రెండు రేడియోమీటర్లు, అంటే ఇట్లాంటి వెలుగు కొలిచే పరికరాలు, మోసుకుపోయింది. ఒకటి మిల్లీమీటర్ల తరంగాలకు, 13.5, 19 మిల్లీమీటర్లు. ఇంకోటి ఇన్‌ఫ్రారెడ్, 8.4, 10.4 మైక్రాన్లు. 19 మిల్లీమీటర్లలో అంచు మసక, మధ్య వెలుగు. నేలే వేడి అని తేలిపోయింది. ఇన్‌ఫ్రారెడ్ మాత్రం పగటి వైపూ, రాత్రి వైపూ ఒకేలా సున్నాకి ఎంతో దిగువన చూపించింది. ఎందుకంటే అది చూసింది మబ్బుల పైభాగాన్ని. గాజు పలక వేడిని.

1970 డిసెంబర్ 15న రష్యా వాళ్ళ వెనెరా 7 నేల మీదికే దిగింది. 475 డిగ్రీలు. సీసం కరగడానికి 327 చాలు.

కాబట్టి బ్యారన్ గారూ, గాజు పలక దగ్గర మీ గన్ గానీ, శుక్రుడి దగ్గర మారినర్ ఇన్‌ఫ్రారెడ్ పరికరం గానీ లెక్క తప్పలేదు. అంకె వచ్చాక మనం అడగాల్సింది "ఇది ఏ పొర వేడి?" అని.

చీమకుర్తి గెలాక్సీ | మార్చి 5, రాత్రి 10:15

మాస్టారూ, బాగా చెప్పారు. నేను చీమకుర్తిలో క్వారీ పనిలో ఉన్నాను. బ్లాకుల దగ్గర నైట్ డ్యూటీ చేసినవాళ్ళకి తెలిసిన సంగతి ఒకటి. మే నెలలో తెల్లవారుజామున మూడింటికి మట్టి కుప్ప మీద చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. పక్కనే గెలాక్సీ బ్లాకు మీద వీపు ఆనిస్తే ఇంకా వెచ్చన. (వ్యాపారంలో గ్రానైటు అంటాం గానీ, భూగర్భశాస్త్రం ప్రకారం అది గ్యాబ్రో జాతి రాయి.) మధ్యాహ్నం రెండింటికి సరిగ్గా తిరగబడుతుంది, మట్టి పైపొర రాయికన్నా ఎక్కువ కాలుతుంది.

కాబట్టి రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్‌తో చూస్తే ఎక్కడ రాయి, ఎక్కడ దుమ్ము అని తెలిసిపోవాలి కదా? అంగారకుడి మీద ఇట్లా చేశారా?

సూళ్ళూరుపేట రిటైర్డ్ | మార్చి 6, ఉదయం 9:40

చేశారు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశారు. దాన్ని ఉష్ణ జడత్వం అంటారు. రాయి వేడిని లోపలికి దించుకొని దాచుకుంటుంది, రాత్రి నెమ్మదిగా ఇస్తుంది. వదులు దుమ్ములో వేడి లోపలికి దిగదు, పైపొర ఒక్కటే కాలి, పొద్దు గుంకగానే చల్లారిపోతుంది.

2001లో పంపిన మార్స్ ఒడిస్సీ మీద థెమిస్ అనే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంది. నేల మీద వంద మీటర్లు దాని బొమ్మలో ఒక చుక్క. ఆ రాత్రి బొమ్మల్లో రాళ్ళున్న చోట తెల్లగా, దుమ్మున్న చోట నల్లగా కనపడుతుంది. నౌక దిగే చోటు వెతికేటప్పుడు ఇది ప్రాణం లాంటిది. మరీ దుమ్ముంటే చక్రాలు కూరుకుపోతాయి, మరీ రాళ్ళుంటే దిగేటప్పుడే దెబ్బ. 2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లకి చోటు ఎంచడంలో ఇట్లాంటి కొలతలు వాడారు.

నేను శ్రీహరికోటలో పనిచేసి రిటైరయ్యాను. నా పని రాకెట్ వైపు, పరికరాల వైపు కాదు. అయినా మన మంగళయాన్ మీద కూడా ఇన్‌ఫ్రారెడ్ పరికరం ఒకటి పోయిందని ఇక్కడ చెప్పకపోతే నాకు మనసొప్పదు. పేరు టిస్. బరువు 3.2 కిలోలు, పెళ్ళిలో ఇచ్చే ఇత్తడి బిందె అంత. అహ్మదాబాద్ కేంద్రంలో తయారైంది. 7 నుంచి 13 మైక్రాన్లు చూసేది. 2013 నవంబర్ 5 మధ్యాహ్నం అది పైకి పోతుంటే చూసిన కళ్ళు ఇవి.

ఇక బ్యారన్ గారి అసలు ప్రశ్న, ఎట్లా నమ్ముతారు అన్నది. పరికరం కూడా వేడిగానే ఉంటుంది, దాని లెన్సు, గోడలు అన్నీ అదే ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంటాయి. లోపల దీపం పెట్టిన కెమెరాతో ఫోటో తీసినట్టు. అందుకే కొలత మధ్య మధ్యలో పరికరం రెండు చోట్లకి చూపు తిప్పుతుంది. ఒకటి ఖాళీ ఆకాశం. అది 2.7 కెల్విన్లు, దాదాపు ఏమీ లేనట్టే. అప్పుడు కూడా అంకె వచ్చిందంటే అదంతా పరికరం సొంత వెలుగు, తీసెయ్యాలి. రెండోది పరికరంలోనే పెట్టిన నల్ల పలక. దానికి మామూలు థర్మామీటర్ అంటించి ఉంటుంది, కాబట్టి దాని వేడి మనకి ముందే తెలుసు. ఈ రెంటి మధ్య గీత గీసి, గ్రహం వెలుగు ఎక్కడ పడిందో చూసుకుంటారు. చంద్రుడి చుట్టూ 2009 నుంచి తిరుగుతున్న ఎల్ఆర్ఓ నౌక మీది డివైనర్ పరికరం ఇట్లా ఆకాశాన్నీ, పలకనూ చూసుకుంటూనే పని చేస్తుంది.

మాస్టారు మీకు వేయమన్న నల్ల మచ్చ కూడా ఆ పలక లాంటిదే. దాని పక్కన తాకి కొలిచే థర్మామీటర్ ఒకటి పెడితే లెక్క పూర్తవుతుంది.

మరీ చల్లని వస్తువుల్ని చూడాలంటే ఇది చాలదు, పరికరాన్నే చల్లబరచాలి. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు మీది మిరీ పరికరాన్ని 7 కెల్విన్ల లోపు ఉంచుతారు. థెమిస్, టిస్ మాత్రం అంత చల్లదనం అవసరం లేని మైక్రోబోలోమీటర్లతో, అంటే వెలుగు పడితే వేడెక్కే చిన్న సెన్సార్లతో, పనిచేసే రకం.

మైపాడు కెరటం | మార్చి 6, మధ్యాహ్నం 1:10

చంద్రయాన్-3 కూడా ఇన్‌ఫ్రారెడ్‌తోనే కదా చంద్రుడి దక్షిణం వైపు నేల వేడి కొలిచింది? 70 డిగ్రీలని అప్పుడు న్యూస్‌లో వచ్చింది. అంతకుముందు ఉపగ్రహాలు అంత లేదన్నాయంట. అంటే పైనుంచి కొలిచింది తప్పేగా?

కావలి ఫిజిక్స్ | మార్చి 6, మధ్యాహ్నం 3:00

అది ఇన్‌ఫ్రారెడ్ కాదు నాయనా. చాస్టే అనే పరికరం, నేలలోకి గుచ్చే సన్నని కడ్డీ. దాని పొడవునా పది సెన్సార్లు, పది సెంటీమీటర్ల లోతు దాకా. తాకి కొలిచింది. ఆ పద్ధతి వేరు, అందుకే దాని విలువ.

మైపాడు కెరటం | మార్చి 6, మధ్యాహ్నం 3:25

తాకి కొలిచిందే నిజం అన్నట్టేగా మాస్టారూ. అట్లాంటప్పుడు పైనుంచి కొలిచే వాటికి అంత ఖర్చెందుకు?

కావలి ఫిజిక్స్ | మార్చి 6, సాయంత్రం 5:45

తొందరపడొద్దు. తర్వాత వచ్చిన పరిశోధన పత్రంలో లెక్క ఇది: కడ్డీ గుచ్చిన చోట పైపొర గరిష్ఠంగా 82 డిగ్రీలు. మీటరు అవతల చదునైన చోట 59. ఎనిమిది సెంటీమీటర్ల లోతులో మైనస్ 10 అని ముందే గ్రాఫు విడుదల చేశారు. విక్రమ్ దిగిన చోట నేల సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉంది. ధ్రువం దగ్గర సూర్యుడు ఎప్పుడూ వాలుగానే ఉంటాడు కాబట్టి ఆ కాస్త వాలుకే అంత తేడా. మన ఇంటి పైకప్పు పడమటి వాలు సాయంత్రం కాలినట్టు.

డివైనర్ ఒక చూపులో కొన్ని వందల మీటర్ల నేలను కలిపి చూస్తుంది. అందులో సూర్యుడి వైపు వాలిన చోట్లూ ఉంటాయి, పెడగా వాలినవీ ఉంటాయి, రాళ్ళ నీడలూ ఉంటాయి. కడ్డీ ఒక్క చోటు చెబుతుంది, ఉపగ్రహం ఊరంతా చెబుతుంది. రెండూ నిజమే. కడ్డీని చంద్రుడంతా గుచ్చలేం కదా. పైగా ధ్రువాల దగ్గర గోతుల్లో సూర్యుడే పడని చోట్లు ఉన్నాయి. ఉత్తర ధ్రువం వైపు హెర్మైట్ అనే గోతిలో డివైనర్ 26 కెల్విన్లు కొలిచింది, అంటే మైనస్ 247. అక్కడికి ఇప్పటిదాకా ఏ కడ్డీ పోలేదు.

చీమకుర్తి గెలాక్సీ | మార్చి 6, రాత్రి 9:30

ఒక సందేహం మాస్టారూ. ఆ వందల మీటర్లలో సగం రాయి, సగం దుమ్ము ఉంటే రాత్రి ఆ రెంటి సగటు వేడి వస్తుందా? అట్లా అయితే మధ్యస్థంగా ఉండే గులకరాళ్ళ నేలకీ, ఈ కలగలుపు నేలకీ తేడా ఎట్లా తెలుస్తుంది?

కావలి ఫిజిక్స్ | మార్చి 7, ఉదయం 6:20

ఈ ప్రశ్నకు నీకు దండం పెట్టాలి నాయనా. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఒక్క పిల్లాడూ ఇది అడగలేదు.

సగటు రాదు. వేడిగా ఉన్న రాయి పొట్టి తరంగాల దగ్గర చల్లని దుమ్ముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు ఇస్తుంది. పొడుగు తరంగాల దగ్గర ఆ తేడా తక్కువ. కాబట్టి పొట్టి తరంగాలతో కొలిస్తే కలగలుపు నేల ఎక్కువ వేడిగా, పొడుగు తరంగాలతో కొలిస్తే తక్కువ వేడిగా కనపడుతుంది. అంతా ఒకే రకం నేలయితే అన్ని తరంగాల్లోనూ ఒకే అంకె వస్తుంది. డివైనర్‌కి తొమ్మిది ఛానెళ్ళు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో రకం తరంగాలను చూస్తుంది. ఈ తేడాను పట్టుకొని, ఒక్కో చుక్కలో ఎంత శాతం రాళ్ళున్నాయో చంద్రుడికి పటమే గీశారు. 

బ్యారన్ గారూ, మీకు కూడా ఇందులో ఒక పాఠం ఉంది. గన్ మీది ఎర్ర చుక్క గురి కోసమే. అది కొలిచేది చుట్టూ ఉన్న వృత్తాన్ని, దూరం పోయే కొద్దీ వృత్తం పెద్దదవుతుంది. సాధారణంగా 12:1 అని రాసి ఉంటుంది, అంటే 12 అడుగుల దూరంలో అడుగు వెడల్పు. తలుపు దగ్గర నుంచి కొలిస్తే గొట్టంతో పాటు వెనక గోడ కూడా కలిసిపోతుంది. దగ్గరికి పోండి.

కనిగిరి ఎంపీసీ | మార్చి 7, సాయంత్రం 6:10

మాస్టారూ, గురుడు, నెప్ట్యూన్ లాంటి వాటికి నేలే లేదు కదా, మరి అక్కడ దేని వేడి కొలుస్తారు? ఇంకొకటి, ఇదంతా భూమి మీద పెద్ద టెలిస్కోపు పెట్టుకొని చేయలేమా?

సూళ్ళూరుపేట రిటైర్డ్ | మార్చి 7, రాత్రి 8:00

రెండో దానికి నేను చెబుతానమ్మా. మన గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఇన్‌ఫ్రారెడ్‌లో చాలా భాగాన్ని మింగేస్తాయి. 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య ఒక కిటికీ, ఇంకా చిన్న చిన్న సందులు కొన్ని, అంతే. పైగా గురుడు, శని మన కన్నా సూర్యుడికి ఎంతో దూరం. ఇక్కడి నుంచి మనకు వాటి పగటి మొహమే కనపడుతుంది. రాత్రి వైపు ఎంత చల్లబడుతుందో తెలియాలంటే నౌక అవతలికి పోవాల్సిందే.

కావలి ఫిజిక్స్ | మార్చి 7, రాత్రి 9:15

మొదటి దానికి నేను. నేల లేనప్పుడు "ఏ పొర" అన్న ప్రశ్నే మన చేతిలో పనిముట్టు అవుతుంది. ముందు సులువైన ఉదాహరణగా అంగారకుణ్ణి చూద్దాం. కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రాన్ల దగ్గర వెలుగును గట్టిగా మింగుతుంది. సరిగ్గా అక్కడే చూస్తే చూపు పైపొరలోనే ఆగిపోతుంది, పై గాలి వేడి తెలుస్తుంది. కొంచెం పక్క తరంగానికి జరిగితే చూపు ఇంకొంచెం కిందికి దిగుతుంది. అట్లా జరుగుతూ పోతే ఒక్కో ఛానెల్ ఒక్కో ఎత్తు వేడి చెబుతుంది. 2006 నుంచి అంగారకుడి చుట్టూ తిరుగుతున్న మార్స్ క్లైమేట్ సౌండర్ అనే పరికరం అంచును ఏటవాలుగా చూస్తూ ఇదే చేస్తోంది. పెద్ద గ్రహాల్లో హైడ్రోజన్, మీథేన్ ఈ పని చేస్తాయి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కొలత. వాయేజర్ 2 నౌక మీద ఐరిస్ అనే ఇన్‌ఫ్రారెడ్ పరికరం ఉంది. 1986లో యురేనస్‌ని, 1989లో నెప్ట్యూన్‌ని చూసింది. నెప్ట్యూన్ సూర్యుడికి యురేనస్ కన్నా ఒకటిన్నర రెట్లు దూరం, అందే వెలుగు సగం కూడా లేదు. చల్లగా ఉండాలి కదా? రెండూ దాదాపు 59 కెల్విన్లు! సూర్యుడి నుంచి తీసుకునే దానికి 2.6 రెట్లు నెప్ట్యూన్ బయటికి ఇస్తోంది. లోపల సొంత వేడి ఉంది. యురేనస్‌లో అది లేనట్టే, ఉన్నా చాలా తక్కువ. పక్కపక్క గ్రహాలు, దాదాపు ఒకే సైజు, ఈ తేడా ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మీ తరం తేల్చాలి.

ఇంకోటి కూడా చెప్పి ఆపుతాను. అంగారకుడి దక్షిణ ధ్రువం మీది తెల్లని టోపీ నీటి మంచు అని చాలామంది అనుకునేవాళ్ళు. కాదు, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ అని 1966లో లైటన్, మర్రే అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 1969లో మారినర్ 7 ఇన్‌ఫ్రారెడ్‌తో కొలిస్తే అక్కడ మైనస్ 125 చిల్లర. అంగారకుడి పల్చని గాలిలో కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టే వేడి సరిగ్గా అంతే.

మైపాడు కెరటం | మార్చి 8, ఉదయం 7:30

మాస్టారూ, మొన్న తొందరపడి తప్పన్నాను. ఊరంతా, ఒక చోటు అన్న మాటతో అర్థమైంది. మాది సముద్రం పక్క ఊరు, తుఫాను టైములో టీవీలో రంగు రంగుల మబ్బుల బొమ్మ చూపిస్తారు. అది కూడా ఇదేనా?

కావలి ఫిజిక్స్ | మార్చి 8, ఉదయం 8:40

అదే. ఆ రంగులు వాన కాదు, మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చూపే అంకెలు. ఎంత చల్లన అయితే మబ్బు అంత ఎత్తుకు లేచినట్టు, తుఫాను అంత బలంగా ఉన్నట్టు. మైనస్ 70, 80 దాకా పోతుంది. 1989 నవంబర్ తుఫాను మా కావలి దగ్గరే తీరం దాటింది. అప్పుడు పైన ఇన్సాట్-1బీ ఉపగ్రహం ఉంది, దానికీ ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉంది, రాత్రిళ్ళు కూడా మబ్బుల్ని చూసేది. మాకు ఇంట్లో ఉన్నది రేడియో ఒక్కటే. ఆ రాత్రి ఎవరో ఎక్కడో ఆ బొమ్మ చూసి హెచ్చరిక పంపారు, అది విని మా వీధి వాళ్ళం బడి బిల్డింగులోకి పోయాం. అందుకే ఈ పరికరాలంటే నాకు పాఠంలో బొమ్మలు కావు.

సూళ్ళూరుపేట రిటైర్డ్ | మార్చి 8, ఉదయం 10:05

2024 ఫిబ్రవరి 17న ఇక్కడి నుంచే ఇన్సాట్-3డీఎస్ పోయింది మాస్టారూ. ఆరు ఛానెళ్ళ ఇమేజర్, 19 ఛానెళ్ళ సౌండర్. ఆ సౌండర్‌ది మీరు అంగారకుడికి చెప్పిన ఎత్తు ఎత్తుకీ వేడి కొలిచే పద్ధతే, మన బంగాళాఖాతం మీద.

టంగుటూరు బ్యారన్ | మార్చి 10, రాత్రి 10:50

మాస్టారికి, అందరికీ నమస్కారం. రెండో బ్యారన్‌లో ఆకు దించాక పొయ్యి ఆర్పి, గొట్టాల మీద నాలుగు చోట్ల నల్ల రంగు మచ్చలు వేయించాను. ఒక మచ్చ పక్కన వైరుతో ఉండే, తాకి కొలిచే థర్మామీటర్ బిగించాం. మళ్ళీ పొయ్యి వెలిగించాక మూడడుగుల దగ్గర నుంచి కొలిస్తే గన్ 131, వైరు 134. నాకు ఇంతకన్నా అక్కర్లేదు. గొట్టాల మీద ఇనుప జల్లెడ కూడా పరిచాను, ఆకు జారినా రేకుని తాకదు. పనివాళ్ళకి కూడా చూపించాను, మచ్చ మీదే గురి పెట్టాలని.

రాత్రి కాపలాకి కూర్చొని ఉంటే ఒక ఆలోచన వచ్చి గన్‌ని నెత్తి మీద ఆకాశానికి పెట్టాను. మబ్బు లేదు. మైనస్ 4 చూపించింది! కాసేపటికి సముద్రం వైపు నుంచి మబ్బు తునక వచ్చింది, దాని మీద పెడితే 13. ఆకాశం 2.7 కెల్విన్లు అన్నారు కదా సార్, మరి మైనస్ 4 ఏ పొరది?

సూళ్ళూరుపేట రిటైర్డ్ | మార్చి 10, రాత్రి 11:15

బ్యారన్ గారూ, ఎక్కువగా మన గాలిలోని నీటి ఆవిరి వెలుగు అది. ఇన్సాట్ పైనుంచి కిందికి చూస్తుంది, మీరు అదే గాలిని కింద నుంచి పైకి చూశారు. ఆవిరి తక్కువైతే అంకె ఇంకా దిగుతుంది. మబ్బు మీది 13 ఆ మబ్బు అడుగుభాగం వేడి, దాదాపుగా.

కనిగిరి ఎంపీసీ | మార్చి 11, రాత్రి 9:40

బాబాయ్! మా నాన్న మెకానిక్ షాపులో అట్లాంటి గన్ ఉంది. ఇప్పుడే డాబా ఎక్కి కొలిచాను. నెత్తి మీద మైనస్ 12. మా కనిగిరి గాలి పొడిగా ఉంటుంది కాబట్టా అంకుల్? గన్‌ని నెమ్మదిగా దిగంతం వైపు దించుతూ పోతే మైనస్ 12, మైనస్ 9, మైనస్ 2, చివరికి కొండ పైన 15. ఏటవాలుగా చూస్తే ఎక్కువ గాలి అడ్డం వస్తుందని మాస్టారు శుక్రుడికి చెప్పారు కదా, అదే ఇది! ఇక్కడ అంచు వేడిగా వచ్చింది, ఎందుకంటే నేను లోపల నుంచి చూస్తున్నాను.

కావలి ఫిజిక్స్ | మార్చి 12, ఉదయం 5:50

అదే తల్లీ, అచ్చంగా అదే. రెండు గన్‌లు ఒకటి కాదు కాబట్టి రెండు ఊళ్ళ అంకెల్ని పక్కపక్కన పెట్టే ముందు ఒక పని చెయ్యాలి. గిన్నెలో ఐసు ముక్కలు వేసిన నీళ్ళు బాగా కలిపి, పైనుంచి కొలవండి. సున్నా రావాలి. ఎంత తేడా వస్తే అంత రాసిపెట్టుకోండి. తర్వాత ఇద్దరూ రాత్రి తొమ్మిదింటికే, నెత్తి మీద, మబ్బు లేనప్పుడు కొలిచి ఇక్కడ పెట్టండి. నేను కాగితం మీద గీత గీస్తాను.

టంగుటూరు బ్యారన్ | మార్చి 12, రాత్రి 9:10

ఐసు నీళ్ళ మీద నా గన్ 1.5 చూపించింది మాస్టారూ. ఆకాశం మీద మైనస్ 3, మబ్బు లేదు, గాలి సముద్రం వైపు నుంచి. కనిగిరి పాప అంకె కోసం చూస్తున్నాను.

కనిగిరి ఎంపీసీ | మార్చి 12, రాత్రి 9:25

ఐసు నీళ్ళు మైనస్ 0.5. ఆకాశం మైనస్ 14, మబ్బు లేదు, గాలి పడమటి నుంచి.